ఆరో పేట నిలిపిన నిమిషాలు

3287వ దినం

మంచు విరిగి, దాని లోపల కట్టుకున్న మా ఏడు పేటలలో ఆరో పేట మా నుంచి విడిపోయిన రోజును సున్నాగా తీసుకుని ఈ దినాలను లెక్కిస్తున్నాను. ఊరి అధికారిక లెక్క వేరే ఉంది. అది నాకు తెలియక కాదు.

నా పేరు బొడ్డేడ సింహాద్రి. వయస్సు నలభై ఎనిమిది. ఒకటో పేట కాలపాలకుణ్ణి. ఇరవై రెండేళ్ళు నీటి పంపుల దగ్గర పనిచేసి, పని దిగిన తరువాత రాత్రిబడిలో చదివి, నలభయ్యో ఏట ప్రథమ శ్రేణిలో పట్టా పొందాను. పట్టా ఈ గదిలోనే, తేమ తగలని గోడకు ఉంది. ఇప్పటికీ కొందరు నన్ను 'పంపు సింహాద్రి' అని పిలుస్తారు. నేను పలుకుతాను గాని ఆ పేరుతో వచ్చిన కాగితాల మీద సంతకం చేయను.

ఈ ఉదయం మొదటి పాళీలో అప్పలకొండ వచ్చాడు. మంచులో తూట్లు వేసి తీగలు లాగే వాళ్ళలో వీడే పనివాడు. వరసకు నాకు బావమరిది. గడ్డం మీద మంచు కరగకముందే అరిచాడు.

"బావా! తీగ తగిలింది. ఆరో పేటకి. నాలుగు కిలోమీటర్లు, ఎక్కడా తెగనేదు."

"ఏ తీగ?"

"ఒకే ఒక్క సన్న తీగ. గడియారం తీగ. మాట పోయే తీగ కాదు. దానికి పెద్ద బొరియ కావాల."

నేను లేచి నిలబడ్డాను. కూర్చునే ఉండి ఉంటే హుందాగా ఉండేది.

మా ఊరి యంత్రానికి ఏడు ప్రాసెసర్లు, పేటకొకటి. యంత్రాన్ని నడిపే మూల ఆజ్ఞావళి, అంటే కెర్నెల్, మొదలైనప్పుడు ఒకటో పేట ప్రాసెసర్ అన్నిటికంటే ముందు మేలుకుని, తనలోని స్ఫటికం కొట్టే దెబ్బలను లెక్కించి, ఇప్పుడు సమయం ఎంతో నిర్ణయిస్తుంది. ఆ తరువాత మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా లేపి, వాటి లెక్కను తన లెక్కతో సరిచూస్తుంది. అన్నీ ఒకే క్షణాన్ని ఒకే అంకెతో చెప్పినప్పుడే ఊరు నడుస్తుంది. పేటల మధ్య జంటతలుపులను తెరిచేది ఆ అంకే. అటు రెక్కను ఆ పేట ప్రాసెసర్, ఇటు రెక్కను ఈ పేట ప్రాసెసర్ తెరుస్తాయి. రెండూ ఒకే సెకనులో తెరుచుకోకపోతే గాలి ఒకవైపుకు విరుచుకుపడుతుంది. మనుషులు పోతారు.

తొమ్మిదేళ్ళుగా ఆరో పేట ప్రాసెసర్ ఒంటరిగా తన దెబ్బలు తాను లెక్కపెట్టుకుంటోంది. తీగ గుండా ఒక స్పందనను పంపాను. నలభై మైక్రోసెకన్లలో తిరిగి వచ్చింది. అందులో సగం పోవడానికి, సగం రావడానికి. ఆ సగాన్ని మినహాయించి అంకె రాసుకున్నాను.

ఆరో పేట గడియారం మాకంటే ఎనిమిది నిమిషాల ముప్పై నాలుగు సెకన్లు వెనక ఉంది.

3288వ దినం

ఆ అంకెను చూసి అప్పలకొండ, "స్ఫటికం సలికి పాడైపోయుంటాది" అన్నాడు. స్ఫటికాలు అట్లా పాడవవు. ఆరో పేట స్ఫటికం కొంత మందగమనమని పాత నమోదులలో ఉంది. కోటి సెకన్లకు మూడు సెకన్లు వెనకబడుతుంది. తొమ్మిదేళ్ళకు ఎనభై అయిదు సెకన్లు అవుతుంది. అది తీసివేస్తే ఏడు నిమిషాల తొమ్మిది సెకన్లు మిగులుతాయి.

ఆ ఏడు నిమిషాలు ఏమిటో ఈ ఊరిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

మా పేటలలో ఎవరైనా చనిపోతే, వారికి అత్యంత దగ్గరివారు పేట నడుమ ఉన్న మీటను లాగి ఒక నిమిషం గడియారాన్ని నిలుపుతారు. దేహం దొరకని వారికి పదకొండో దినాన నిలుపుతారు. ఆ నిమిషాన్ని చూపించేందుకు ఏ యంత్రమూ ఉండదు. నిలిపినవారే పైకి అరవై లెక్కపెట్టి మీటను వదలాలి. ఆ తరువాత కాలపాలకుడు ఆ పేట గడియారాన్ని రోజుకు ఆరు సెకన్ల చొప్పున తొందరపెట్టి, పదకొండో దినానికి మళ్ళీ ఊరితో కలుపుతాడు. దీనిని తీర్చడం అంటాం. మీటను ఎవరైనా లాగవచ్చు. తీర్చడం ఒకటో పేట నుంచి మాత్రమే సాధ్యం.

ఆరో పేటలో తొమ్మిదేళ్ళుగా తీర్చేవారు లేరు. అంటే అక్కడ ఏడుగురికి నిమిషాలు నిలిపారు. మేము అక్కడున్న నలభై ఒక్కరూ పోయారనుకున్నాం. విడిపోయిన పదకొండో దినాన ఈవలి బంధువులు వరుసలో నిలబడి నలభై నిమిషాలు నిలిపారు. అప్పటి కాలపాలకుడైన మా రాత్రిబడి మేష్టారు నాలుగు వందల రోజులు శ్రమించి వాటిని తీర్చారు.

నలభై ఒకటోది నేను నిలపవలసినది. నా భార్య అచ్చియ్యమ్మది. నేను మీటను ముట్టలేదు.

3289వ దినం

పెద్దల సమావేశం జరిగింది. పేటలన్నింటికీ పెద్ద నరసాయమ్మ. నేను ఆమెను అక్క వరసతో అప్పా అంటాను.

"సింహాద్రీ, ఎనిమిది నిమిషాలో, ఎనిమిది గంటలో, నాకెందుకు? మన టైము తీసుకెళ్ళి దాని నెత్తిన రుద్దు. సరిపోద్ది. ఇంకో నలభై ఒక్క రోజులకి జంటతలుపు కాడికి సొరంగం ఎల్లిపోద్ది. ఆ రోజు తలుపు తెరవాల."

నిజానికి ఆమె చెప్పినదే పద్ధతి. తొలి అమరికలో ఒకటో ప్రాసెసర్ తన సమయాన్ని కొత్త ప్రాసెసర్ మీద రాసేస్తుంది. అయితే ఆ రాతతో అక్కడి మీట లాగిన వేళల జాబితా కూడా సున్నా అవుతుంది. ఎప్పుడు నిలిపారు, ఎంతసేపు నిలిపారు అనేది ఆ జాబితాలోనే ఉంటుంది.

ఇది వివరించి, ఒక పాళీ గడువు కోరాను.

"ఏడుగురు పోయినారని ఎలాగూ తెలిసింది కదా. ఎవరెవరో తలుపు తెరిస్తే తెలుస్తాది."

"ఏడు నిమిషాల పైన తొమ్మిది సెకన్లు మిగిలాయప్పా. అవి ఎక్కడివో తెలియకుండా నేను సంతకం పెట్టలేను."

"తొమ్మిది సెకన్ల కోసమేనా?"

"కాలపాలకుడికి తొమ్మిది సెకన్లు చిన్న విషయం కాదు."

"సర్లే. ఒక్క పాళీ. పట్టా పుచ్చుకున్నోడివి, నీతో ఎవడు వాదిస్తాడు."

అది మెప్పుగానే స్వీకరించాను.

3290వ దినం

మీట జాబితాను ఒక్కొక్క స్పందనకు ఒక్కొక్క బిట్టు, అంటే ఒక సున్నానో ఒకటో, చొప్పున తీగ గుండా రప్పించి, ప్రతి వరుసనూ మూడుసార్లు సరిచూసుకుని, ఏడు నిలుపులను కాగితం మీదికి ఎత్తాను.

విడిపోయిన పదకొండో దినం: 66 సెకన్లు.
రెండో ఏడు: 59.
మూడో ఏడు: 61.
అయిదో ఏడు: 66.
ఆరో ఏడు: 60.
ఎనిమిదో ఏడు: 57.
నిరుడు: 60.

కలిపితే ఏడు నిమిషాల తొమ్మిది సెకన్లు. లెక్క సరిపోయింది. నేను పంపుల గది దాకా నడిచి తిరిగి వచ్చాను. కారణమేమీ లేదు.

అరవై ఆరు గురించి రాయాలి. ఇది అధికారిక దినచర్య అయినప్పటికీ రాయాలి.

అచ్చియ్యమ్మ మా పేట నాచు తొట్ల దగ్గర పనిచేసేది. ఈ ఊరిలో అక్కడి ఆడవాళ్ళు మాత్రమే దేనినైనా ఇరవైలలో లెక్కపెడతారు. ఇరవై బుట్టలు కాగానే గట్టు మీద ఒక గులకరాయి పెట్టి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. రాయి పెట్టేందుకు రెండు సెకన్లు పడుతుంది. మా అమ్మ పోయినప్పుడు నాకు చేతులు ఆడలేదు. అచ్చియ్యమ్మే మీట లాగింది. మూడు ఇరవైలు, మూడు రాళ్ళు. మూడో రాయి పెట్టాకే మీట వదిలింది.

అప్పుడు నేను రాత్రిబడిలో కొత్తగా చేరి ఉన్నాను. మేష్టారు తరగతిలో నవ్వుతూ, "మన సింహాద్రి ఇంట్లో నిమిషానికి అరవై ఆరు సెకన్లు" అన్నారు. అందరూ నవ్వారు. ఇంటికి వచ్చి ఆమె మీద కేకలు వేశాను. ఆమె నాచు ఏరుతూ తల ఎత్తకుండా, "మీ అమ్మ కోసమే కదా నిలిపినాను. ఆరు సెకన్లు ఎక్కువైతే ఏటి పోయింది? ఆవిడ్ని ఇంకో రవ్వంత సేపు ఉంచినాను" అంది.

నేను పుస్తకం తీసుకుని మళ్ళీ చదువుకు కూర్చున్నాను.

పాళీ ముగిసే వేళకు అప్పలకొండ తొంగిచూశాడు. కాగితం చూపించాను. వేలితో ఒక్కొక్క వరుస తడుముకుంటూ అయిదో ఏటి దగ్గర ఆగాడు.

"అయితే అయిదో ఏటికి అక్క బతికే ఉన్నాది."

"అవును."

"తరవాత?"

తరువాత మూడు నిలుపులు ఉన్నాయి. అరవై, యాభై ఏడు, అరవై. ఎవరో ముగ్గురు పోయారు. వాళ్ళకు మీట లాగినది ఆమె కాదు. అంతకు మించి ఈ కాగితం ఏమీ చెప్పదు. ఆ ముగ్గురిలో ఒకరు ఆమె కావచ్చు.

వాడు కాగితాన్ని మడవకుండా నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

3291వ దినం

సమయాన్ని నెత్తిన రుద్దడం వద్దని పెద్దలకు రాతపూర్వకంగా నివేదించాను. ఆరో పేట గడియారాన్ని దాని దారిన ఉండనిచ్చి, తేడాను ఒకటో ప్రాసెసర్‌లో ఒక గడిలో దాచుకుందాం. ఆరో పేట చెప్పిన సమయానికి ఆ తేడాను కలిపితే ఊరి సమయం వస్తుంది. రోజుకు ఆరు సెకన్ల చొప్పున ఆ గడిని కరిగిస్తూ, ఆచారం ప్రకారమే తీరుద్దాం. తలుపు మాత్రం మొదటి రోజు నుంచే సరిగ్గా తెరుచుకుంటుంది.

"నువ్వు సెప్పినట్టు తెరుసుకుంటాదని ఏటి నమ్మకం?" అని నరసాయమ్మ అడిగింది.

"ఏడో పేటతో పరీక్షించి చూపిస్తాను."

ఏడో పేట వారి అనుమతితో వారి గడియారాన్ని ఎనిమిది నిమిషాల ముప్పై నాలుగు సెకన్లు వెనక్కి పెట్టాం. మనుషులు లేని సరుకు తలుపును పది గంటలకు తెరవమని ఆజ్ఞ ఇచ్చాను. పది గంటలకు మా రెక్క తెరుచుకుంది. ఏడో పేట రెక్క కదలలేదు. నరసాయమ్మ పీపా మీద కూర్చుంది. అయిదు నిమిషాలైంది. పది అయింది.

"బావా, పాట పాడమంటావా?" అన్నాడు అప్పలకొండ.

పదిహేడు నిమిషాల ఎనిమిది సెకన్లకు ఏడో పేట రెక్క తెరుచుకుంది. అది తేడాకు సరిగ్గా రెండింతలు. కలపవలసిన చోట తీసివేశాను. ప్రథమ శ్రేణి పట్టాదారు చేయవలసిన తప్పు కాదు. ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

నరసాయమ్మ లేచి చీర దులుపుకుంది. "ఓరి నాయనా, ఇదే ఆరో పేట తలుపై, నడుమ మనిషి ఉంటే?"

"మళ్ళీ చేస్తాను."

"ఈసారి కలుపు తమ్ముడూ, తీసీకు."

తీసివేత గుర్తును కొట్టివేసి కూడిక గుర్తు పెట్టాను.

3292వ దినం

రెండో పరీక్షలో రెండు రెక్కలూ ఒకే సెకనులో తెరుచుకున్నాయి. మూడోసారీ, నాలుగోసారీ కూడా. పదకొండు సార్లు చేయించాను. పన్నెండోసారి తలుపు దగ్గరి వాళ్ళే విసుక్కున్నారు. సమావేశం నా పద్ధతిని ఆమోదించింది.

అయితే జాబితాను తిరిగి చదువుతుండగా మొదటి వరుస నన్ను ఆపింది.

పదకొండో దినం. దేహం దొరకని వారికి నిలిపే దినం. ఆరో పేటలో ఆనాడు దొరకని దేహాలు ఎవరివి? మావి. మేము వాళ్ళు పోయారనుకున్నాం. వాళ్ళు మేము పోయామనుకున్నారు. మా ఆరు పేటలలోని ఆరువందల మందికి ఆరువందల నిమిషాలు నిలిపితే వాళ్ళ పేట పది గంటలు ఆగిపోయేది. అందరికీ కలిపి ఒక్క నిమిషం నిలిపారు. మీట పట్టుకోవడానికి ఎవరిని ముందుకు పంపారో అంకె చెబుతోంది. ఈవలి పేట నుంచి వెళ్ళి అక్కడ చిక్కుకున్నది ఆమె ఒక్కతే.

ఆమె నా కోసం మీట లాగింది. ఇన్నేళ్ళూ ఆ నిమిషాన్ని ఎవరూ తీర్చలేదు.

మిగిలిన ఆరు నిలుపులను తీర్చగలను. అవి నిజమైన మరణాలు. దీనిని ఎలా తీర్చాలో తెలియదు. బతికి ఉన్న వాళ్ళ కోసం నిలిపిన నిమిషాన్ని ఏం చేయాలో నిబంధనల పుస్తకంలో లేదు. మొదటి పుట నుంచి చివరి పుట వరకు చూశాను.

3294వ దినం

నరసాయమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె రొట్టెలు కాలుస్తోంది.

"అప్పా, ఒక విన్నపం."

"విన్నపమేటిరా, కూకో."

"ఆ మొదటి నిమిషం మనందరిదీ. నీదీ, నాదీ, అప్పలకొండదీ. దానిని వాళ్ళ గడియారాన్ని తొందరపెట్టి తీర్చకూడదు. మనమే ఆగాలి. ఆరు పేటల గడియారాలను ఒకేసారి అరవై ఆరు సెకన్లు నిలిపితే, మనమే వాళ్ళ దగ్గరికి వెనక్కి వెళ్ళినట్టు అవుతుంది. ఆ తరువాతే ఆరో ప్రాసెసర్‌ను కలుపుతాను."

"కాలం ఎనక్కి పోకూడదని నువ్వే సెప్తావు కదా?"

"వెనక్కి పోదు. ఆగుతుంది. కెర్నెల్ ఒప్పుకుంటుంది. కొత్త ప్రాసెసర్ లేచేదాకా పాతవి ఆగడం దానికి అలవాటే."

ఆమె రొట్టెను తిప్పింది. ఒకవైపు మాడింది.

"సింహాద్రీ, నిజం సెప్పు. ఇది అందరి కోసమా? అచ్చియ్యమ్మ కోసమా?"

నాకు పట్టా ఉంది, పదవి ఉంది, నలభై ఎనిమిదేళ్ళు ఉన్నాయి. అబద్ధం చెప్పడం రాలేదు.

"మంచు విరగడానికి వారం ముందు ఆమె ఆరో పేటకు బయలుదేరింది. చెల్లెలి పురుడుకు. ఇరవై రోజులు ఉండి రావాలి. జంటతలుపు గేటు దాకా రమ్మంది. 'రెండు నిమిషాలు రారాదా మావా' అంది. నాకు మర్నాడు పరీక్ష. పుస్తకం మూయలేదు. 'వచ్చేటప్పుడు ఎదురొస్తాలే' అన్నాను."

నరసాయమ్మ మాడిన రొట్టెను తన పళ్ళెంలో వేసుకుని, మంచిది నాకు పెట్టింది.

"పరీక్ష పాసయ్యావా?"

"ప్రథమ శ్రేణి."

"ఊఁ. తిను. మీట రేపొద్దున లాగుదాం."

3295వ దినం

ఉదయం పది గంటలకు పాళీ మారే వేళ. ఆరు పేటలలోనూ పని ఆపారు. ఆరు గడియారాలూ ఒక్క మీటతో ఆగేట్టు ముందే అమర్చి, నేను ఒకటో పేట మీట దగ్గర నిలబడ్డాను. తొమ్మిదేళ్ళ క్రితం ముట్టని మీట అదే.

ఇంట్లో అలమర మీద ఆమె మూడు గులకరాళ్ళు ఉండేవి. దుమ్ము తుడుస్తూ వచ్చాను గాని కదిలించలేదు. ఇవాళ జేబులో వేసుకుని వచ్చాను.

లాగాను. పంపుల చప్పుడు ఒక్కటే మిగిలింది. పైకి లెక్కపెట్టాను. ఇరవై కాగానే ఒక రాయి పెట్టాను. మళ్ళీ ఒకటి నుంచి. రెండో రాయి. నా వెనక ఎవరో నాతో పాటు లెక్కపెడుతున్నారు. తరువాత చాలామంది లెక్కపెట్టారు. రాయి పెట్టేటప్పుడు అందరూ ఆగారు. మూడో రాయి పెట్టి మీట వదిలాను.

అరవై ఆరు సెకన్లు. సరిచూశాను.

మిగిలిన తేడా ఏడు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లు. దానిని గడిలో దాచి, ఆరో ప్రాసెసర్‌ను లేపమని కెర్నెల్‌కు ఆజ్ఞ ఇచ్చాను. స్పందన పోయింది, వచ్చింది. సిద్ధం అని జవాబు. తొమ్మిదేళ్ళ తరువాత ఏడు ప్రాసెసర్లూ ఒకే క్షణాన్ని ఒకే అంకెతో చెప్పాయి. జనం చప్పట్లు కొట్టారు. నేను తల వంచి స్వీకరించాను.

ఒక విషయం వాళ్ళకు చెప్పలేదు. ఒకటో ప్రాసెసర్‌తో కలిసినప్పుడు ప్రతి పేట మీట మీదా ఒక పచ్చ దీపం వెలుగుతుంది. ఆరో పేటలో అది ఇప్పుడు వెలుగుతూ ఉండాలి. దానిని చూసినవారు జవాబు చెప్పదలిస్తే ఈ తీగ మీద మాట పోదు. మనిషి చెయ్యి తగిలే వస్తువు ఆ తీగకు ఒక్కటే ఉంది, మీట.

అందరూ పనులకు వెళ్ళారు. నేనూ అప్పలకొండా అంకెల పలక ముందు కూర్చున్నాం. పదకొండు అయింది. పన్నెండు అయింది. వాడు రొట్టె తెచ్చాడు. నేను తినలేదు.

పన్నెండు దాటి పద్నాలుగు నిమిషాలకు ఆరో పేట గడియారం ఆగింది.

"బావా! పాడైపోనాదా?"

"మాట్లాడకు."

పది. ఇరవై. ఎవరో మీట పట్టుకుని ఉన్నారు. నలభై. ఇది ఎవరిదైనా మరణం కావచ్చు. ఆ దీపాన్ని ఎవరూ చూసి ఉండకపోవచ్చు. యాభై ఏడు. యాభై ఏడు దగ్గర వదిలిన చెయ్యి ఒకటి ఆ పేటలో ఉంది. ఇది ఆ చెయ్యి కాదు. అరవై. అరవై దగ్గర వదిలిన చేతులు రెండు ఉన్నాయి. అప్పలకొండ నా భుజం పట్టుకున్నాడు. గడియారం ఇంకా కదలలేదు. అరవై ఒకటి. అరవై ఒకటి దగ్గర కూడా ఒకరున్నారు. అరవై రెండు. అరవై మూడు. అరవై నాలుగు దగ్గర ఆమె మూడో రాయిని చేతిలోకి తీసుకుంటుంది. అరవై అయిదు.

అరవై ఆరు దగ్గర ఆరో పేట గడియారం మళ్ళీ నడిచింది.

అప్పలకొండ గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. "సూడు బావా, నువ్వు కష్టపడి కలిపినావు. అక్క మళ్ళీ చెడగొట్టీసింది."

అది నిజం. తేడా మళ్ళీ ఎనిమిది నిమిషాల ముప్పై నాలుగు సెకన్లకు వచ్చింది.

ప్రతి నిలుపుకూ నమోదు పుస్తకంలో కారణం రాయాలి. ఆ గడిలో 'మరణం' అని ముందే అచ్చువేసి ఉంటుంది. ఈ ఊరు పుట్టినప్పటి నుంచి వేరే కారణం ఎవరికీ అవసరపడలేదు. దానిని కలంతో కొట్టివేసి, పక్కన నా చేతిరాతతో 'గేటు దగ్గరకు రమ్మని పిలుపు' అని రాసి, పూర్తి పేరుతో సంతకం చేశాను.

నా నిలుపూ ఆమె నిలుపూ కలిపి రెండు నిమిషాలు. ఆమె లెక్కలో.

జంటతలుపు తెరవడానికి ఇంకా ముప్పై అయిదు దినాలు ఉన్నాయి. సొరంగం ఎంతవరకు వచ్చిందో చూసి, రేపటి నుంచి పాళీ దిగగానే అక్కడికి వెళ్ళి నిలబడతాను.